కొత్త కూనని చూసి మా మల్లి అన్నం మానేసింది, ఏం చేయాలి?

మహేంద్రతనయ | పర్లాకిమిడి

అందరికీ నమస్తే. మా ఇంట్లో మల్లి అని ఐదేళ్ళ ఆడపిల్లి ఉంది. పిల్లలు కలగకుండా ఆపరేషన్ ఎప్పుడో చేయించేశాం. మొన్న జోరు వానలో మార్కెట్ వెనక కాలువ గట్టు మీద అరుస్తుంటే మా వారు ఒక మగ కూనని సంచిలో వేసుకుని తెచ్చారు. తెచ్చిన మనిషి ఊరుకోకుండా "ఇదిగోనే, నీ తమ్ముడు" అని మల్లి ముందే దించారు. అది ఒళ్ళంతా ఉబ్బించి బుసకొట్టి బీరువా ఎక్కేసింది. ఇప్పటికీ అక్కడే మకాం. రాత్రి అందరూ పడుకున్నాక దిగి నీళ్ళు తాగి మళ్ళీ పైకి. నిన్న పొద్దుట్నుంచి ముద్ద ముట్టలేదు.

"వేరే గదిలో పెట్టండి" అని అందరూ అంటున్నారు. మాది పాతకాలపు వరస ఇల్లు. వీధి వసారా, ముందుగది, నడిమిల్లు, వంటగది, దొడ్డి, అన్నీ ఒకే వరసలో. ఇటు గోడా అటు గోడా పక్కింటి వాళ్ళతో ఉమ్మడి. మధ్య గుమ్మాలకి తలుపుల్లేవు, కర్టెన్లే. ఏ గదిలో పెట్టినా మల్లి దొడ్లోకి పోవాలంటే దాన్ని దాటుకునే పోవాలి. మా అత్తగారేమో "వీధి పిల్లులకి ఎవరు గదులు కట్టారే, రెండు రోజులు కొట్టుకుని అవే సర్దుకుంటాయి" అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. కూన పేరు బుడ్డోడు. వయసు తెలీదు.

రాయగడ అత్త | రాయగడ

అమ్మాయ్, కూన సంగతి తర్వాత, ముందు మల్లి చేత తినిపించు. కుక్క రెండు రోజులు తినకపోయినా తట్టుకోవచ్చు గానీ పిల్లి అలా కాదు. అందులోనూ ఒళ్ళు చేసిన పిల్లి రెండు మూడు రోజులు ఖాళీ కడుపుతో ఉంటే కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది. గిన్నె నేల మీద పెట్టకు. బీరువా మీదికే పంపించు. అక్కడే నీళ్ళు కూడా. దాన్ని కిందకి లాగాలని ఎవరూ చూడొద్దు. ఆ బీరువా ఇప్పుడు దాని ఇల్లు.

కవ్వళ్ళు ఉప్పు లేకుండా ఉడికించి, ముల్లు తీసి, గోరువెచ్చగా పెట్టు. వెచ్చగా ఉంటే వాసన బాగా వస్తుంది, పిల్లి ముందు ముక్కుతోనే తింటుంది. ఎండు నెత్తళ్ళు వద్దు, అందులో ఉప్పే ఎక్కువ. మనం తినే పులుసులో ముక్క తీసి పెట్టడం అస్సలు వద్దు. ఉల్లీ వెల్లుల్లీ పిల్లి రక్తాన్ని పాడు చేస్తాయి.

కూన వయసా? కూరగాయల కొట్లో తూకం వేయించు. సరిగ్గా పెరిగిన కూన నెలకి అరకిలోకి కాస్త అటూ ఇటూ, రెండు నెలలకి ఎనిమిది తొమ్మిది వందల గ్రాములు ఉంటుంది. కళ్ళు ఇంకా నీలంగానే ఉంటే ఏడు వారాల లోపే అనుకో.

గుణుపురం గుంటడు | గుణుపురం

అక్కా, గది లేకపోతే గంప ఉందిగా! మా మామ్మ కోడిపిల్లల్ని కప్పినట్టు కూన మీద వెదురు గంప బోర్లించెయ్. మల్లి వచ్చి చుట్టూ తిరిగి వాసన చూసుకుంటుంది, లోపలోడికి దెబ్బ తగలదు. ఖర్చు సున్నా. అయినా పిల్లి శాపాలకి ఉట్లు తెగుతాయా, బుసకొట్టనీ.

మందుల సంచి | బరంపురం

పశువైద్యం చదువుతున్నాను, ఆఖరి సంవత్సరం. సర్దుకోవడం గురించి అత్తకే ఎక్కువ తెలుసు. నేను జబ్బుల గురించి చెప్తాను, ఎందుకంటే ఈ గొడవలో అది ఎవరూ అడగరు.

రోడ్డు మీద దొరికిన కూన ఏం మోసుకొచ్చిందో మనకి తెలీదు. అన్నిటికంటే భయపడాల్సింది పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బుకి. కుక్కల్లో పార్వో ఎలాగో పిల్లుల్లో ఇది అలాగ. తిండి మానేయడం, జ్వరం, వాంతులు, విరేచనాలు. లోపల ఉంటే సాధారణంగా రెండు వారాల్లోపు బయటపడుతుంది. అందుకే కనీసం రెండు వారాలు ఇద్దరి గిన్నెలు, ఇసుక తొట్టెలు, పడక గుడ్డలు విడిగా ఉండాలి. కూనని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కునే మల్లి దగ్గరకి వెళ్ళండి. ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. మామూలు సబ్బు నీళ్ళకి చావదు. ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 32 వంతుల నీళ్ళు కలిపి తుడిచి, పది నిమిషాలు ఆగి, మంచినీళ్ళతో మళ్ళీ తుడవండి. ఫినాయిల్ వాడకండి. పిల్లి ఆ నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, అది దానికి విషం.

మల్లికి టీకాలు ఎప్పుడు వేయించారు? మూడు జబ్బులకి కలిపి వేసే టీకా కూనకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెడతారు. తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. చిన్న ఊళ్ళో పిల్లి టీకా ఎప్పుడూ స్టాక్ ఉండదు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. ఐస్ లేకుండా సంచిలో వేసి ఇస్తే తీసుకోకండి.

ఇంకో మాట, పెద్ద అక్షరాలతో అనుకోండి. గోమార్ల కోసం కుక్కలకి వాడే పౌడరూ చుక్కల మందూ కూనకి పూయొద్దు. వాటిలో పెర్మెత్రిన్ ఉంటే పిల్లికి వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోతుంది. జ్వరం అని పారాసిటమాల్ ముక్క వేయడం కూడా అంతే. ప్రస్తుతానికి సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి, గోమార్లని సబ్బు నీళ్ళలో ముంచండి చాలు.

మహేంద్రతనయ | పర్లాకిమిడి

అత్తా, మీ మాట ప్రకారం బీరువా మీదే పెట్టాను. కవ్వళ్ళ వాసనకి సగం తిన్నది. ప్రాణం లేచొచ్చింది. బుడ్డోడు 600 గ్రాములు తూగాడు, కళ్ళు నీలమే. అంటే నెలన్నర అనుకోవచ్చా? మల్లికి రేబిస్ ఒక్కటే ఏటా వేయిస్తున్నాం, ఆ మూడింటి టీకా చిన్నప్పుడు వేశారు, తర్వాత లేదు.

దొడ్లో ఒక కొట్టుగది ఉంది. కొబ్బరికాయలు, కట్టెలు, పాత సామాన్లు. తలుపు ఉంది. కానీ వానాకాలం కారుతుంది, పాములు కూడా తిరుగుతాయి. అక్కడ ఒంటరిగా పెట్టడానికి మనసు రావట్లేదు. గంప ఐడియా మా అత్తగారికి తెగ నచ్చింది.

రాయగడ అత్త | రాయగడ

ఒరేయ్ గుంటడా, గంప కింద కోడిపిల్ల వేరు, పిల్లికూన వేరు. పారిపోవడానికి దారి లేని చోట కూర్చోబెట్టి, చుట్టూ పెద్దపిల్లి తిరిగి గుర్రుమంటే ఆ పిల్లాడికి జన్మంతా మల్లి అంటే హడలే. పైగా మల్లికి కూడా "వీడు ఎప్పుడూ కదలడు, మీద పడొచ్చు" అని అలవాటవుతుంది. గంప వాడాలంటే సగం గుడ్డ కప్పి, లోపల దాక్కునే చోటు పెట్టి, మనం పక్కనే కూర్చుని నాలుగు నిమిషాలు. అంతకు మించి కాదు. రోజంతా గంప కింద వదిలేయడం నాకు ఇష్టం లేదు.

అమ్మాయ్, మీ అత్తగారి మాట కొట్టిపారేసేది కాదు. వీధి పిల్లులు నిజంగానే సర్దుకుంటాయి. ఎలా? ఒకటి గోడెక్కి పోతుంది, ఒకటి మూడిళ్ళ అవతలికి పోతుంది. వాటి మధ్య కావలసినంత వీధి ఉంది. మీ ఇంట్లో ఆ వీధి లేదు, ఇటు గోడా అటు గోడా. పోవడానికి చోటు లేనప్పుడే పిల్లి కొడుతుంది. అందుకని ఆ ఎడం మనమే కల్పించాలి. గది లేకపోతే ఎత్తు ఇవ్వు. మల్లికి నడిమిల్లు నుంచి దొడ్డి దాకా నేల తొక్కకుండా పోయే దారి చూడు. బీరువా, అక్కడ్నుంచి అటక, అటక నుంచి వంటింటి గూడు, కిటికీ. మధ్యలో ఒక చెక్క బల్ల బిగిస్తే సరిపోతుంది. అటక మీద డబ్బాలు కొంచెం పక్కకి జరిపితే సరి. కూన అంత ఎత్తు ఇప్పుడప్పుడే ఎక్కలేదు.

కొట్టుగది వద్దు. వాన, పాము, ఎలుక మందు, అన్నీ అక్కడే ఉంటాయి.

ప్రాణహిత గట్టు | సిరొంచ

అక్కా, మాదీ తలుపుల్లేని ఇల్లే. మేం చేసింది చెప్తా. వడ్రంగితో గుమ్మం కొలతకి చెక్క ఫ్రేమ్ చేయించి, దోమల జాలి కాకుండా ఇనప జాలి కొట్టించినం. దోమల జాలిని పిల్లి గోళ్ళతో ఒక్క పూటలో చింపేస్తది. పక్కన బందులు పెట్టిస్తే తలుపులా తెరుచుకుంటది. మొదట్లో దానికి పాత దుప్పటి కట్టి మూసేయాలి. ఒకదానికొకటి కనపడొద్దు, వాసన మాత్రం రావాలె.

తర్వాత గుడ్డ మార్చుడు. కూన పండుకున్న పాత లుంగీ ముక్క తీసుకెళ్ళి మల్లి గిన్నెకి రెండు మూరల దూరంలో వేయి. దగ్గర వద్దు, తిండి మానేస్తది. మల్లి గుడ్డ కూన దగ్గర వేయి. మా పెద్దపిల్లి మొదట ఆ గుడ్డని చూసి కూడా బుసకొట్టింది! మనిషి లేడు, వాసనకే కోపం. తర్వాత తర్వాత దాని మీదనే పండుకుంది. అప్పుడు దుప్పటి కొంచెం కొంచెం పైకి జరిపినం. జాలికి అటొక గిన్నె, ఇటొక గిన్నె, ముందు బాగా దూరం, తర్వాత దగ్గరికి. తినేటప్పుడు అవతలోడు కనబడితే, వాడొస్తే అన్నం వస్తదని దాని బుర్రకెక్కుతది.

పిల్లి డాక్టర్ కోసం మేం ప్రాణహిత దాటి మంచిర్యాల పోవాలె. ఇక్కడ బర్రెలకీ మేకలకీ అయితే మంచిగ చూస్తరు. అందుకే జబ్బు రాకముందే జాగ్రత్త పడుడు మాకు అలవాటు.

బల్లార్షా బొగ్గు | బల్లార్పూర్

అందరూ ఆడపిల్లి గురించే మాట్లాడుతున్నారు, మగపిల్లి ఉన్నవాళ్ళు ఇది చదవండి. మా క్వార్టర్లో మూడేళ్ళ మగపిల్లి ఉండగా కూనని తెచ్చాం. కొట్లాటలు పెద్దగా లేవు, బాగానే ఉందనుకున్నాం. అది మాత్రం మాటిమాటికీ ఇసుక తొట్టిలో కూర్చుని ముక్కడం, ఒక్క చుక్క రాకపోవడం. ఒక ఆస్పత్రిలో మలబద్ధకం అని ఏదో సిరప్ ఇచ్చి పంపారు. నిజానికి మూత్రం దారి మూసుకుపోయింది. టెన్షన్ పడిన మగపిల్లులకి అది రావచ్చు, ఒకటి రెండు రోజులు అలాగే వదిలేస్తే ప్రాణం పోతుందని రెండో డాక్టర్ చెప్పారు. గొట్టం వేసి తీశారు, బతికింది. మగపిల్లి ముక్కుతూ ఏడుస్తుంటే రాత్రయినా ఆగకండి.

తొట్టెలు కూడా అప్పుడే పెంచాం. రెండు పిల్లులకి మూడు తొట్టెలు, అదీ ఒకే మూల వరసగా కాదు. ఒకటి తొట్టిలో ఉంటే రెండోది గుమ్మంలో కాపు కాసే రకం ఉంటుంది, చూడ్డానికి గొడవ లేనట్టే ఉంటుంది.

ఎండాకాలంలో ఇంకో తలనొప్పి. మా చంద్రపూర్ జిల్లాలో మే నెల 45 దాటుతుంది, కూలర్ ఉన్న గది ఒక్కటే. విడిగా పెట్టాలంటే ఒకదాన్ని మాడ్చాలి. మేం వానలు పడేదాకా ఆగి అప్పుడు కలిపాం. మీకు ఆ బాధ లేదు, అదృష్టవంతులు.

మహేంద్రతనయ | పర్లాకిమిడి

వంటింటికీ నడిమింటికీ మధ్య ఇనప జాలి ఫ్రేమ్ పెట్టించాం. వడ్రంగి "పిల్లికి తలుపా" అని నవ్వి నవ్వి చేశాడు. బుడ్డోడు వంటింటి వైపు, మల్లి నడిమింటి వైపు. దొడ్లోకి అటక మీదుగా దారి కుదిరింది. మా వారు పాత బెంచీ పలక బిగించారు, మల్లి మొదటి రోజే ఎక్కి చూసుకుంది.

వంట చేస్తున్నప్పుడు బుడ్డోడు కాళ్ళకి చుట్టుకుంటున్నాడు, పొయ్యి దగ్గర భయం. అందుకని ఆ గంటన్నర మాత్రం గంపే! సగం గుడ్డ కప్పి, లోపల నా పాత చీర ముక్క పెట్టి. గుంటడూ, నీ గంప అలా పనికొచ్చింది. మల్లి అప్పుడు అటక మీదే ఉంటుంది.

దుప్పటి తీసిన రోజు ఒక గొడవ. బయట ఏదో గండుపిల్లి అరిచింది. మల్లి దాన్ని చూసి రెచ్చిపోయి, జాలికి అవతల ఉన్న బుడ్డోడి మీద పడబోయింది. మా వారు చెయ్యి అడ్డం పెట్టారు, మోచేతి దాకా గీరేసింది. రక్తం వచ్చింది.

మందుల సంచి | బరంపురం

గీరిన చోట ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగారా? కడగకపోతే ఇప్పుడైనా కడగండి. కారం, సున్నం, పసుపు ఏవీ పెట్టొద్దు. కట్టు కట్టొద్దు. మల్లికి రేబిస్ టీకా ఉన్నా సరే, ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళి చూపించుకోండి. టీకా వేస్తే చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులు. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపేయొద్దు.

మల్లి చేసిన పనికి ఒక లెక్క ఉంది. కోపం కిటికీ బయటి పిల్లి మీద, అది అందదు, పక్కన దొరికిన వాడి మీద చూపిస్తుంది. ఆ సమయంలో ఎవరు ముట్టుకున్నా అంతే. మల్లిని తిట్టకండి. ఆ గది చీకటి చేసి వదిలేయండి, కొన్ని పిల్లులకి చల్లారడానికి ఒక రోజంతా పడుతుంది. కిటికీ కింది సగం కాగితం అంటించేయండి, గండుపిల్లి కనబడదు. జాలి మీద దుప్పటి మళ్ళీ వేసి రెండడుగులు వెనక్కి వెళ్ళి మొదలుపెట్టండి.

గుణుపురం గుంటడు | గుణుపురం

గంప గెలిచింది, అది చాలు నాకు. బావగారికి సూది మందులు పడుతున్నాయంటే బాధే గానీ, "నీ తమ్ముడు" అని దించింది ఆయనే కదక్కా.

రాయగడ అత్త | రాయగడ

మళ్ళీ జాలి దగ్గర ఇద్దరూ నింపాదిగా తింటున్నప్పుడే తలుపు తీయి. తీసే ముందు బుడ్డోణ్ణి బాగా ఆడించు. తాడు చివర కోడీక కట్టి, వాడు ఆయాసపడి కూలబడేదాకా. పిల్లకాయకి ఒంట్లో జోరు ఎక్కువ, కనబడిన తోకనల్లా పట్టుకుంటాడు. ఐదేళ్ళ మనిషికి అదే చిరాకు. అలసిపోయిన కూన అయితే మల్లి ఓర్చుకుంటుంది.

వాణ్ణి చంకలో పెట్టుకుని మల్లికి చూపించకు. ఇద్దరూ నేల మీద ఉండాలి, మల్లికి అటక దారి ఖాళీగా ఉండాలి. చేతిలో చాట పెట్టుకో. మల్లి చెవులు వెనక్కి అతుక్కుని, తోక నేలకేసి కొడుతూ, రెప్ప వేయకుండా చూస్తోందంటే చాట మధ్యలోకి జారించు. ఒకరికొకరు కనబడకపోతే సగం కోపం పోతుంది. చేతులు మాత్రం పెట్టొద్దు, మీ ఆయన్ని చూశావుగా. బుసకొట్టడం, గోళ్ళు తీయకుండా పంజాతో ఒకటి వేయడం తప్పేం కాదు, హద్దు చెప్పడం అది. ఒళ్ళు ఒళ్ళు చుట్టుకుని బొచ్చు ఎగిరితేనే విడదీయాలి. మొదటిసారి ఐదు నిమిషాలు చాలు. బాగా జరుగుతుండగానే ఆపెయ్. నీకు మాత్రం ఇంకాసేపు చూడాలనిపిస్తుంది, మాకూ అలాగే అనిపించేది.

మహేంద్రతనయ | పర్లాకిమిడి

నెల దాటింది, చెప్పడం ఆలస్యమైంది. ఆయన టీకాలు పూర్తయ్యాయి. బుడ్డోడికి మొదటి డోసు పడింది, ఐస్ డబ్బాలో బరంపురం నుంచి తెప్పించాం. మల్లికి కూడా అదే టీకా వేయించాం.

ఇప్పుడు పగలంతా తలుపు తీసే ఉంటుంది. మేం ఇంట్లో లేనప్పుడు, రాత్రిళ్ళు మాత్రం మూసేస్తున్నాం. స్నేహం అంటే అబద్ధమే. మల్లి వాణ్ణి నాకదు, పక్కన పడుకోనివ్వదు. వాడు దగ్గరకొస్తే ఒక్క పంజా వేసి అటక ఎక్కేస్తుంది. కానీ ముందులా తిండి మానదు, బీరువా మీద కాపురం లేదు, తన కుర్చీలోకి తిరిగొచ్చింది. మా అత్తగారు "చూశావా, అవే సర్దుకున్నాయి" అంటున్నారు. నేనేం మాట్లాడలేదు.

అడగాల్సింది ఒకటి. రెండూ కలిసి ముడుచుకుని పడుకునే రోజు వస్తుందా?

రాయగడ అత్త | రాయగడ

రావచ్చు, రాకపోవచ్చు. మా ఇంట్లో రెండు ఆడపిల్లులు ఏళ్ళ తరబడి ఒకే గడపలో ఉండి ఒకదాన్నొకటి ముట్టుకోలేదు. ఒకటి పొద్దున్న అరుగు మీద ఎండ కాసుకునేది, అది లేచాక రెండోది. దెబ్బలాట లేదు, తిండి మానడం లేదు. నాకు అది చాలనిపించింది. ఫొటో కోసం దగ్గరకి నెట్టకు.

జయపురం వాన | జయపురం

ఇదంతా చదివాను, బాగుంది. మా ఇంట్లో రెండేళ్ళ గండుపిల్లి, ఆపరేషన్ చేయించలేదు. ఊరంతా తిరిగొస్తుంది. చెల్లెలు రెండు నెలల ఆడకూనని తెస్తానంటోంది. ఇదే పద్ధతి పనిచేస్తుందా?

మందుల సంచి | బరంపురం

ముందు గండుపిల్లికి ఆపరేషన్ చేయించండి, కూన తర్వాత. ఆపరేషన్ చేయని మగపిల్లి తనది కాని కూనని చంపేయవచ్చు. ఆపరేషన్ అయిన మర్నాడే మారిపోదు, ఒంట్లో హార్మోన్లు తగ్గి ఆ దూకుడు, మూత్రం చిమ్మడం నెమ్మదించడానికి ఇంచుమించు ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా కూన చెల్లెలి దగ్గరే ఉండనివ్వండి. ఆడకూనకి నాలుగో నెల నుంచే ఎద రావచ్చు, కడుపుతో ఉండేది తొమ్మిది వారాలే. కాబట్టి దాని ఆపరేషన్ కూడా నాలుగు ఐదు నెలల మధ్య పెట్టుకోండి. ఊరంతా తిరిగే పిల్లి కదా, రేబిస్ టీకా ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడే అడగండి.